కడగకుండా తిన్న ఆకు

ఆకుకూరలను మూడు నీళ్లలో కడగడం మా అక్కకు పొలాల్లో అబ్బిన అలవాటు. కందుకూరు వైపు తోటలకు చాలా ఏళ్లు కూలికి వెళ్లిన మనిషి ఆమె. కొత్తిమీర మడుల మీద మందు ఏ సాయంత్రం కొడతారో, మర్నాడు తెల్లవారి ఆ కట్టలు ఏ ఆటో ఎక్కుతాయో దగ్గరుండి చూసింది. అందుకే మార్కెట్ నుంచి తెచ్చిన కట్టను ముందు ఉప్పునీళ్లలో నానబెట్టేది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, కాడ కాడనూ వెలుతురుకు ఎత్తి చూసి గాని కత్తిపీట దగ్గరికి తీసుకువెళ్లేది కాదు. ఆ అలవాటును ఆమె చేత మాన్పించింది నేను. ఈ సంగతి ముందే రాయడం న్యాయమనిపించింది. లేకపోతే ఇకపై రాసేదంతా మరొకరి తప్పు గురించి మాత్రమే అన్నట్టు సాగిపోయే ప్రమాదం ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. జంతుశాస్త్రం తీసుకున్నాను. ఇప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ప్రైవేటు కళాశాల కార్యాలయంలో పనిచేస్తున్నాను. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఏడో తరగతిలో బడి మాన్పించారు. పెళ్లి చేశారు గాని ఆ సంబంధం పొసగక తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత మగ్గం పని నేర్చుకుంది. చెక్క చట్రానికి బిగించి కట్టిన జాకెట్ గుడ్డ మీద, కొక్కెం ఉన్న సూదితో పూసలు, జరీ, అద్దాలు కుట్టే పని అది. మేమిద్దరం అద్దెకు ఉంటున్న రెండు గదుల్లో ముందు గది మొత్తం ఆ మగ్గానిదే. పండుగకైనా, ఇంటికి చుట్టాలు వచ్చినా ఆ చట్రం చుట్టూ ఒదిగి కూర్చోవలసిందే. శ్రావణమాసం ముందు ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆవగింజ కంటే చిన్న పూసను సూది మొనతో ఒక్కసారికే ఎత్తగల చూపు ఆమెది. మా ఇల్లు నిలబడింది ఆ చూపు మీదనే. నా ఫీజులు, పుస్తకాలు, బస్సు పాసు, అన్నీ అందులోనుంచి వచ్చినవే.

నా చదువుకు మరో కారణం మా టీచర్. మా ఊరి హైస్కూల్లో ఆమె సైన్సు చెప్పేది. నేను పదో తరగతి పూర్తి చేసిన వేసవిలో నన్ను కూడా అక్కతో పాటు తోట పనికి పంపాలని మా నాన్న నిర్ణయించుకున్నాడు. టీచర్ తన స్కూటర్ మీద మా వాకిట్లోకి వచ్చి, నులక మంచం మీద కూర్చుని, మా నాన్న ఒప్పుకునే వరకు లేవలేదు. ఇంటర్ దరఖాస్తు ఆమె చేతితోనే నింపింది. కళాశాలలో నా తరఫు పెద్దదిక్కుగా సంతకం పెట్టింది. పరీక్షలో రుజువు లేని మాట ఒక్కటి కూడా రాయకూడదని నేర్పింది ఆమే. నేను ఈ రోజు ఒక వాక్యాన్ని ఇన్నిసార్లు తిప్పి చూసుకుని రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఉద్యోగ విరమణ తర్వాత ఆమె ఇబ్రహీంపట్నంలో ఒక కొత్త కాలనీలో స్థిరపడి, ఇంటి మీద మిద్దె తోట వేసింది. ఎండకు రక్షణగా ఆకుపచ్చ వల, దాని కింద కుండీలు, పాత బకెట్లు, సగానికి కోసిన డ్రమ్ములు. ఒక మూలన వంటింటి తుక్కును మగ్గబెట్టి ఎరువు చేసే మూడు పెద్ద డబ్బాలు. ఆమెను చూసి కాలనీలో చాలామంది ఆడవాళ్లు తమ ఇళ్ల మీద తోటలు పెట్టారు. వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. నాకు సొంత మిద్దె లేకపోయినా నన్ను టీచరే అందులో చేర్చింది.

నెలకొక ఆదివారం ఒకరి మిద్దె చూడటానికి అందరూ కలిసి వెళ్లేవారు. ఆ సందర్శనకు టీచర్ పెట్టిన ఆచారం ఒకటి ఉంది. మెట్లెక్కి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇంటావిడ తన చేత్తో ఒక ఆకు తుంచి ఇవ్వాలి. పుదీనా కావచ్చు, కొత్తిమీర కావచ్చు, వామాకు కావచ్చు. అందుకున్నవాళ్లు దానిని కడగకుండా, అక్కడే నిలబడి నమలాలి. మందు కొట్టలేదనడానికి అదే సాక్ష్యం. ఒకసారి కొత్తగా చేరిన ఒకామె చేతిలోని ఆకును కుళాయి దగ్గరికి తీసుకుపోబోతే టీచర్ నవ్వుతూ కేకేసింది.

"ఏమమ్మా, కడుగుతున్నవా? కడుక్కుంట తినేటట్టయితే బజార్ల కొనుక్కోవచ్చు గదా, గింత దూరం రావుడెందుకు?"

అందరం నవ్వాం. ఆమె సిగ్గుపడి ఆకును చప్పున నోట్లో పెట్టుకుంది. నేను కూడా నవ్వినవాళ్లలో ఉన్నాను.

ప్రతి వారం టీచర్ నాకు ఒక గుడ్డ సంచి నిండా ఆకులు ఇచ్చేది. కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు. గత వానకాలం మొదట్లో ఒక ఆదివారం ఆ సంచి అందిస్తూ అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మీ అక్కకియ్యి బిడ్డా. కండ్లు గుంజుకపోయే పని ఆమెది. పచ్చిగనే తినమను. వండితె అండ్ల సత్తువంత పోతది."

నేను ఆ మాటలను అలాగే మోసుకొచ్చి అక్కకు చెప్పాను. అక్క మగ్గం మీదనుంచి తలెత్తకుండానే అడిగింది.

"కడుగకుంటనా?"

"మందు కొట్టలేదు కదా అక్కా. మందు లేనప్పుడు కడిగేదేముంది?"

"మట్టన్న ఉండదానే?"

"అది వానపాముల ఎరువు. మంచి మట్టి."

"మట్టిల మంచిది, చెడ్డది గూడ ఉంటదా? పదేండ్లు మట్టిల చేతులు వెట్టిన, నాకెవ్వలు జెప్పలే." కొక్కెం సూదితో ఒక పూసను గుడ్డ మీదికి దించి, అప్పుడు నా వైపు చూసింది. "సరే తియ్. డిగ్రీ చదివినవ్, నీకెరుకుంటది."

ఆ వారం నుంచి ఆమె పచ్చిపులుసులోకి ఆ కొత్తిమీరను అలాగే గిల్లి వేసేది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి మీద పెట్టకుండానే పోసుకునే ఆ పులుసు, పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆమెకు రెండు పూటలా కూర. నేను కళాశాల భోజనశాలలోనే తినేదాన్ని. ఇంట్లో ఆ పులుసు ఆమె ఒక్కతే తినేది.

నత్తలను నేను చూడలేదని చెప్పలేను. ఆ ఏడాది వానలకు కాలనీ ప్రహరీ గోడల మీద గోధుమరంగు పెద్ద నత్తలు పాకడం అందరూ చూశారు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల మట్టితో వచ్చాయని అనుకునేవారు. టీచర్ మిద్దె మీద కూడా ఒక డ్రమ్ము చాటున ఒకటి కనిపించింది. ఎరువు డబ్బాల దగ్గర ఎలుకల పెంటికలూ కనిపించాయి. అడిగితే, వంటింటి తుక్కు ఉన్న చోటికి ఎలుక రాకుండా ఉంటుందా అని ఆమె తేలిగ్గా తీసేసింది. ఆ రెంటినీ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు.

శ్రావణం రెండో వారంలో అక్కకు తలనొప్పి మొదలైంది. మొదట అందరూ అనుకునేదే మేమూ అనుకున్నాం, వంగి కూర్చునే పని వల్ల వచ్చిందని. సెంటర్లో ఉన్న ఆర్‌ఎంపీ మాత్రలు ఇచ్చాడు. నాలుగో రోజుకు మెడ వంచలేకపోయింది. ఒంటి మీద చీర తగిలినా మంట అనేది. ఆరో రోజు మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె మగ్గం ముందు ఒక కన్ను అరచేత్తో మూసుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"రెండు సూదులు కనవడుతున్నయే. ఏది పట్టుకుంటె అది కాదు."

గుడ్డ మీద ఆమె కుట్టిన నెమలి మెడ దగ్గర పూసల వరుస పక్కకు ఒరిగిపోయి ఉంది. ఇన్నేళ్లలో ఆమె చేతిలో వరుస తప్పడం నేను చూడలేదు. అదే సాయంత్రం బస్సులో పట్నం పెద్ద దవాఖానకు తీసుకువెళ్లాను.

అక్కడ తల స్కాన్ తీశారు, ఏమీ కనిపించలేదన్నారు. క్షయ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు కావచ్చునని మొదట అనుమానించారు. వెన్ను నుంచి నీరు తీసి పరీక్షకు పంపారు. ఆ నీరు తీసిన తర్వాత తలనొప్పి కాస్త తగ్గింది. అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని నా వైపు చూస్తూ, "ఇద్దరు చెల్లెండ్లు కనవడుతున్నరే. ఒక్కదాన్ని చదివిచ్చెటందుకే నడుములు పడిపోయినయ్, ఇగ రెండోదాన్ని నేనేం చదివిస్త?" అంది. పక్క మంచం మీది ముసలమ్మ పకపకా నవ్వింది. నేను కూడా నవ్వబోయి, బయటికి వెళ్లి నిలబడ్డాను.

మర్నాడు ఒక యువ డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. వెన్ను నీటిలో ఇసినోఫిల్స్ అనే కణాలు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయని, సాధారణంగా పరాన్నజీవులైన పురుగులు ఉన్నప్పుడు అలా కనిపిస్తుందని చెప్పింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నత్తలు తింటారా?"

"లే."

"పీతలు, రొయ్యలు సరిగా ఉడకనివి? ఉడుము మాంసం?"

అక్క నొప్పిలోనే కోపం తెచ్చుకుంది. "ఉడుములు వట్టెటోళ్ల లెక్క కనవడుతున్నమా మేడం మీకు?"

"తప్పుగా అనుకోకమ్మా, అందరినీ అడుగుతాం. పచ్చి ఆకుకూరలు తింటారా?"

ఆ ప్రశ్నకు నేను సమాధానం చెప్పాను. ఒక మంచి విద్యార్థిని లేచి నిలబడి చెప్పినట్టు చెప్పాను. "తింటుంది మేడం. కానీ అవి బజారువి కావు. మిద్దె తోటలో పెంచినవి. మందులేవీ కొట్టనివి. చాలా శుభ్రమైనవి."

డాక్టరమ్మ కలం ఆగింది. "కడిగి తింటారా?"

అక్క ఒక కన్ను మూసి రెండో కంటితో నా వైపు చూసింది.

డాక్టరమ్మ ఒక కాగితం వెనుక బొమ్మ గీసి నాకు వివరించింది. ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒక సన్నని పురుగు బతుకుతుంది. దాని పిల్లలు ఎలుక పెంటికలతో బయటపడతాయి. ఆ పెంటికలను తిన్న నత్తలో కొంత ఎదుగుతాయి. ఆ నత్తను మళ్లీ ఎలుక తింటే చక్రం పూర్తవుతుంది. మనిషికి ఇందులో పాత్ర లేదు. కానీ ఆకు మడతలో గోరంత నత్తపిల్ల ఉండి, ఆ ఆకును కడగకుండా, వండకుండా తింటే, పురుగు మనిషిలోకి వస్తుంది. ఎలుకలో ముందు మెదడుకు, అక్కడినుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ఆ పురుగు మనిషిలోనూ మెదడుకే వెళుతుంది. మనిషిలో ఎదగలేక అక్కడే చనిపోతుంది. చనిపోతున్న పురుగుల చుట్టూ వచ్చే వాపే ఈ తలనొప్పి, ఈ రెండు సూదులు.

"ఇది అదేనని నూటికి నూరు పాళ్లు చెప్పలేను. పురుగు కంటికి కనిపించలేదు. కానీ లక్షణాలన్నీ అలాగే ఉన్నాయి" అంది. చూపు తిరిగి వస్తుందా అని అడిగాను. ఎక్కువమందికి వస్తుందని, కొన్ని వారాలు, కొన్ని నెలలు పట్టవచ్చునని, వాపు తగ్గే మందు క్రమం తప్పకుండా వేయాలని చెప్పింది.

ఆ బొమ్మను నేను చాలాసేపు చూశాను. డిగ్రీలో గొర్రె కార్జంలో ఉండే పురుగు జీవితచక్రాన్ని ఇలాగే గీశాను. అందులోనూ నత్త ఉంది, అది తిరిగిన గడ్డి ఆకు ఉంది. రంగు పెన్సిళ్లు వాడినందుకు మా అధ్యాపకుడు నా పేజీని తరగతి మొత్తానికి చూపించాడు.

అక్క ఇంటికి వచ్చిన తర్వాత మొదటి శనివారం టీచర్ దగ్గరికి బయలుదేరాను. నా మనసులో ఆమె మీద అప్పటికి ఏ అనుమానమూ లేదు. ఆమెకు కూడా తెలియదనే నమ్మాను. తెలిస్తే తల్లడిల్లిపోతుందని, ఎలా నెమ్మదిగా చెప్పాలా అని దారంతా ఆలోచించాను. గ్రూపులో అందరికీ చదివి వినిపించడానికి రెండు పేజీల వ్యాసం రాసుకుని సంచిలో పెట్టుకున్నాను. "మనలో ఎవరికీ తెలియక జరిగిన ఒక పొరపాటు" అని దాని మొదటి వాక్యం.

టీచర్ స్నానానికి వెళ్లిందన్నారు. నేరుగా మిద్దె మీదికి వెళ్లాను. అక్కడ ఆమె కోడలు ఉంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, కుండీల మధ్య వంగి, నత్తలను ఏరి ఉప్పునీళ్ల బకెట్‌లో వేస్తోంది. తర్వాత తడిగుడ్డతో ఆకుల మీది జిగురు చారలు తుడుస్తోంది.

"మీకు కూడా ఎక్కువైనయా వదినా?" అని అడిగాను.

"ఇప్పుడేంది, పోయినేడు వానకాలం సంది ఇదే పని నాకు. రేపు మన మిద్దె మీదనే గదా అందరొచ్చేది. ముందురోజు ఏరుడు, తుడుసుడు. నడుము వట్టేస్తది."

"మీరు జాగ్రత్త వదినా. ఇవి ప్రమాదం. ఆకులు పచ్చిగా తినకండి."

"మేమెందుకు తింటం?" ఆమె ఆశ్చర్యంగా చూసింది. "అత్తమ్మ తమ్ముడు పశువుల డాక్టర్ గదా. పోయినేడే వచ్చి చూసి చెప్పిండు. ఇవీ, ఎలుకలూ ఒక్క తాన ఉంటె పచ్చివి నోట్ల వెట్టొద్దని. గప్పటిసంది మా ఇంట్ల కొత్తిమీర గూడ మరగవెట్టిందే. పుదీన చట్నీ ఉడకవెట్టి చెయ్యమంటది అత్తమ్మ, ఇగ దానికి రుచేముంటది?"

"మరి మాకు?"

ఆమె చేయి బకెట్ మీద ఆగిపోయింది. "మీకు చెప్పలే? గ్రూపుల చెప్పిన అన్నది."

సరిగ్గా అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. ఏడాదిగా ఏ సందర్శనలోనూ టీచర్ ఆకు నమలడం నేను చూడలేదు. అందరికీ తుంచి ఇచ్చేది. ఎవరైనా ఆమె చేతిలో పెట్టబోతే, "ఇయ్యాల ఒక్కపొద్దు నాకు" అనేది. ఒకసారి ఏకాదశి, ఒకసారి ఆదివారం సూర్యుడి వ్రతం. ఆమె భక్తిని నేను మెచ్చుకున్నాను కూడా.

టీచర్ తల తుడుచుకుంటూ పైకి వచ్చింది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? అక్కకెట్లుంది?"

"మీకు తెలుసా టీచర్?"

"ఏంది?"

"నత్తల సంగతి."

ఆమె కోడలి వైపు చూసింది. కోడలు బకెట్ తీసుకుని కిందికి దిగిపోయింది.

"కూసో."

"నిలవడే ఉంట."

"మా తమ్మునికి అన్నిటికి భయమే. కాలనీల ఏ ఇంట్ల లేవు నత్తలు? ఎవరికన్న ఏమన్నైందా?"

"మా అక్కకైంది."

"ఇదే అని రిపోర్టుల రాసిన్రా?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. "రాయలేదు. అదే కావచ్చని అన్నరు."

"కావచ్చు. మరి నీకు నేనేం నేర్పిన? రుజువు లేంది రాయొద్దని చెప్పలేదా? బయట పానీపూరి తిన్నదేమో. ఎక్కడ నీళ్లు తాగిందో ఏమో."

"మగ్గం ఇడిసి ఆమె నెలసంది గడప దాటలే టీచర్. పచ్చిగనే తినమనుమని మీరే చెప్పిచ్చిన్రు. అప్పటికే మీకు ఎరుకనా, కాదా? గదొక్కటి చెప్పుండ్రి."

టీచర్ ఒక కుండీని జరిపి, మళ్లీ ఉన్న చోటనే పెట్టింది.

"కడుక్కుంటరనుకున్న" అంది.

ఆ మాట అన్నది ఆకును కుళాయి దగ్గరికి తీసుకుపోబోయిన ఆడమనిషిని చూసి నవ్విన మనిషి. నాకు ఏడుపు రాలేదు. పరీక్ష హాల్లో నాకు తెలిసిన ప్రశ్నకే సమాధానం గుర్తురాని క్షణంలో ఉన్నట్టు ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇగో బిడ్డా. ఇది గ్రూపుల పెట్టకు. ఆడోళ్లు ఇంట్లకెళ్లి బయటికొచ్చి నలుగురిల నవ్వుతున్నరంటే దీనివల్లనే. ఇది తెలిస్తె ఒక్కలు గూడ మెట్లెక్కరు. పింఛను తీసుకుంట మూలకు కూసునుడే ఇగ నేను. నాడు మీ నాయిన ముంగట నేను గట్ల కూసోకపోతె నువ్వెక్కడుంటుంటివో జర యాది చేసుకో."

"యాదికున్నది టీచర్" అన్నాను. నిజంగా ఉంది. ఆ నులక మంచం, వాకిట్లో ఆపిన స్కూటర్, మా నాన్న తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకోవడం, అన్నీ ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అదే నాకు భరించలేని విషయం. ఆమె ఎప్పుడూ చెడ్డ మనిషై ఉంటే ఇది సులువుగా ఉండేది.

ఇంటికి వచ్చి వ్యాసంలోని మొదటి వాక్యాన్ని కొట్టేశాను. దాని బదులు ఏమి రాయాలో తెలియక మర్నాటి ఉదయం వరకు కాగితం అలాగే ఉంచాను. చివరికి ఎవరి పేరూ లేకుండా, ఎవరి మిద్దె అన్నది చెప్పకుండా, నాలుగు మాటలే గ్రూపులో పెట్టాను. నత్తలు, ఎలుకలు తిరిగే తోటల ఆకులను పచ్చిగా తినవద్దు. ఉడికించి తినండి. నత్తలను వట్టి చేతులతో ముట్టుకోవద్దు. మా అక్క ఆసుపత్రి నుంచి వచ్చింది.

మొదట దండం పెడుతున్న చేతుల బొమ్మలు వరుసగా వచ్చాయి. తర్వాత ఎవరో "ఎవరింట్ల తిన్నది?" అని అడిగారు. నేను సమాధానం రాస్తుండగానే టీచర్ సందేశం వచ్చింది. రుజువు లేని భయాలు పుట్టించడం చదువుకున్నవాళ్లకు తగదని అందులో ఉంది. కొద్దిసేపటికే నన్ను గ్రూపు నుంచి తొలగించినట్టు తెర మీద కనిపించింది. ఆ రోజు సందర్శన యథావిధిగా జరిగిందని ఒకామె ఫోను చేసి చెప్పింది. కాస్త ఆగి, "మా మిద్దె మీద గూడ ఉన్నయమ్మా. ఏం జెయ్యాలె?" అని నెమ్మదిగా అడిగింది. తెలిసినంత చెప్పాను. ఇంకొకామె కూడా చేసి, టీచర్‌కు ఈ సంగతి ముందే తెలుసా అని అడిగింది. ఆమెనే అడగమన్నాను. అంతే.

ఆ మాటలన్నీ పక్క గదిలో పడుకున్న అక్క వింది. అప్పటివరకు టీచర్ సంగతి ఆమెకు చెప్పలేదు. నేను ఫోను పెట్టగానే పిలిచింది.

"ఆమెకు ముందుగల్లనే ఎరుకనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "ఏడాది సంది ఎరుకనే అక్కా."

నేను మంచం పక్కన కూర్చుని టీచర్‌ను తిట్టడం మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి ఆమెను 'అది' అని, చెడ్డ మాటలతో తిట్టాను. అక్క చేయెత్తి ఆపింది.

"ఆమెను తిడితె నాకేమొస్తదే? ఆమె నాకేం గావాలె? నీ కోసం వచ్చి మంచం మీద కూసున్నది. నన్ను బడి మాన్పిచ్చిన్నాడు గూడ ఆమె గదే బడిల ఉండె. వచ్చిందా?"

"నేను..."

"ఆమె మాట నేనెందుకు వింట? నేను విన్నది నీ మాట. కడుగుతనంటె వద్దన్నది నువ్వు. మందు లేనప్పుడు కడిగేదేముంది అన్నది నువ్వు. ఆమె నిన్ను మోసం చేసింది, అది మీ ఇద్దరి లెక్క. నాకు చెప్పింది నువ్వే గదనే."

ఆమె గొంతులో కోపం లేదు. మగ్గం మీద వరుస ఎక్కడ తప్పిందో వేలితో చూపించినట్టు చెప్పింది. టీచర్ నాతో అన్నదాంట్లో, నేను అక్కతో అన్నదాంట్లో తేడా ఉంది, నాకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆ తేడాను పట్టుకుని చాలా రోజులు నన్ను నేను ఓదార్చుకున్నాను. రెండు సూదులు కనిపించిన మనిషికి ఆ తేడా ఎందుకు పనికి వస్తుందో మాత్రం చెప్పుకోలేకపోయాను.

శ్రావణం జాకెట్లన్నీ వేరేవాళ్లకు వెళ్లాయి. సగం కుట్టిన నెమలి గుడ్డను దాని సొంతదారులు వచ్చి విప్పుకుని తీసుకుపోయారు. దసరా నాటికి అక్క ఒక కంటికి గుడ్డ కట్టుకుని పెద్ద పూసలు కుట్టగలిగింది. మూడో నెలలో దవాఖానలో డాక్టరమ్మ తన చూపుడు వేలిని ఆమె ముఖం ముందు అటూ ఇటూ కదిపి, ఎన్ని కనిపిస్తున్నాయని అడిగింది. "ఒక్కటే" అంది అక్క. కుడివైపు చివరికి పోయినప్పుడు ఒక క్షణం తడబడి, మళ్లీ "ఒక్కటే" అంది. వాపు మందును ఒకేసారి మానకూడదు, కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలని డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది.

ఇంటికి వచ్చి ఆ చీటీని నేను చదివి వినిపించాను. ఈ వారం ఉదయం ఒకటి, వచ్చే వారం సగం, ఆ తర్వాత రోజు విడిచి రోజు సగం. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో, అక్కకు అర్థమయ్యేలా, రెండుసార్లు చెప్పాను. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ చదివి చెప్పడం చిన్నప్పటినుంచి నా పని. రేషన్ కార్డు నుంచి కరెంటు బిల్లు దాకా నేను చదివిందే మా ఇంట్లో మాట.

అక్క అంతా విని తల ఊపింది. చీటీ, మాత్రల అట్ట నా చేతిలోనుంచి తీసుకుంది. చెప్పులేసుకుంది.

"యాడికి అక్కా?"

"మెడికల్ షాపుకు. ఆ పిలగాన్ని గూడ ఒకసారి అడిగొస్త."

"నేను చెప్పిన కదా."

"అవ్, చెప్పినవ్" అంది. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టును చూసుకుంటూ, గోడ పట్టుకుని దిగింది.